ఏసీ వెనుక పావురాల గూడు: ముందు పిల్లలు ఎగరాలి, ఆ తర్వాతే వల

ప్రశ్న: మేము అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉంటున్నాము. బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ వెనుక రెండేళ్లుగా పావురాలు గూడు కడుతున్నాయి. ప్లాస్టిక్ గుడ్లగూబను పెట్టాము, పాత సీడీలు వేలాడదీశాము, కారం చల్లాము, పక్షులను తరిమే శబ్దాల పరికరం కూడా కొన్నాము. దేనికీ అవి బెదరలేదు. ఇప్పుడు గూటిలో రెండు పిల్లలున్నాయి. మా అత్తగారికి ఆస్తమా ఉంది, ఈ మధ్య దగ్గు ఎక్కువైంది. ఒకరు జిగురు పూయమంటున్నారు, ఇంకొకరు పిల్లలను ఎక్కడైనా దూరంగా వదిలిపెట్టి రమ్మంటున్నారు. వాటికి హాని చేయడానికి మాకు మనసొప్పడం లేదు. పై అంతస్తువారేమో రోజూ గింజలు చల్లుతారు, చెప్పినా వినరు. మరొక సంగతి: పడకగది కిటికీ అద్దాన్ని ఒక చిన్న పిట్ట రోజూ తెల్లవారగానే ముక్కుతో పొడుస్తోంది. దానికేం చేయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చేసిన ప్రయత్నాలన్నీ పావురాన్ని భయపెట్టడానికి చేసినవే కావడం గమనించండి. పావురం మీ బాల్కనీకి వస్తున్నది మీ మీద ధైర్యంతో కాదు, అక్కడ దానికి కావలసిన చోటు ఉంది కాబట్టి. మన ఇళ్ల చుట్టూ తిరిగే పావురాల పూర్వీకులు సముద్రతీరపు కొండచరియలలోనూ, రాతి గుట్టల నెరియలలోనూ గూళ్లు కట్టుకున్న పక్షులు. కిటికీ మీది సజ్జ, మేడ మీది పిట్టగోడ, ఏసీ యూనిట్‌కూ గోడకూ నడుమ మిగిలిపోయిన జానెడు సందు, ఇవన్నీ వాటి కంటికి పైన నీడ, వెనుక గోడ, ముందు ఖాళీ ఉన్న కొండ నెరియలే. ఆ చోటు ఉన్నంతకాలం భయం నాలుగు రోజుల ముచ్చట. చోటును మూసేస్తే భయపెట్టే పని ఉండదు. కనుక మీరు చేయవలసినది ఒకటే, ఆ సందును మూయడం. కాకపోతే ఎప్పుడు మూయాలి, ఎలా మూయాలి అన్న విషయంలో తొందరపడితే ఆ పనే క్రూరంగా మారుతుంది.

ముందు పిల్లల సంగతి చూద్దాం. పావురం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. ఆడ, మగ వంతులవారీగా పొదిగితే సుమారు 18 రోజులకు పిల్లలవుతాయి. ఆ పిల్లలు నాలుగు వారాల నుంచి ఐదు వారాల లోపు ఎగిరిపోతాయి. మొదటి రోజులలో తల్లి, తండ్రి రెండూ తమ గొంతు సంచిలో ఊరే పాలవంటి పదార్థాన్ని పిల్లల నోటికందిస్తాయి. ఆ వయసు పిల్లలకు ఇంకెవరూ సులభంగా మేత పెట్టలేరు. అందువల్ల పిల్లలను దూరంగా వదిలిపెట్టి రావడమంటే, మాట ఎంత మెత్తగా చెప్పినా, వాటిని ఆకలికి చంపడమే. పెద్ద పావురాలను పట్టుకెళ్లి వదిలినా ఫలితం లేదు, వందల కిలోమీటర్ల నుంచి తిరిగి ఇల్లు చేరుకోగల పక్షులవి. గూడు పోయిన జంట కొద్ది రోజులలోనే అదే సందులో మళ్లీ పుల్లలు పేర్చడం మొదలుపెడుతుంది. పైగా గుడ్లూ పిల్లలూ ఉన్న గూటిని చెదరగొట్టడాన్ని అనేక దేశాల చట్టాలు నిషేధిస్తున్నాయి. ఏ పక్షికి ఎంత రక్షణ ఉన్నదన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి, గుడ్లూ పిల్లలూ లేని కాలంలో పని చేస్తే చిక్కులు తక్కువని మాత్రం గుర్తుపెట్టుకోండి.

మీ గూటిలోని పిల్లలకు ఎన్నాళ్ల వయసో తెలుసుకోవడం కష్టం కాదు. దగ్గరకు వెళ్లి తడమవద్దు; కిటికీలో నుంచి ఫోను కెమెరాతో పెద్దది చేసి చూడండి. ఒంటినిండా పలుచని పసుపుపచ్చ నూగు, తెరుచుకోని కళ్లు, ముఖానికి మించిన ముక్కు కనిపిస్తే అవి పుట్టి కొద్ది రోజులే అయింది. ఈకల కాడలు ముళ్లలా పొడుచుకొస్తుంటే రెండో వారం నడుస్తున్నట్టు. ఈకలు ఒంటిని కప్పేసి, తల మీదా మెడ మీదా మాత్రం అక్కడక్కడ పసుపు పోగులు వేలాడుతుంటే మూడు వారాలు దాటినట్టే. ఆ పోగులు కూడా రాలిపోయి, పిల్ల గూడు విడిచి యూనిట్ పైకెక్కి నిలబడి రెక్కలు టపటపలాడిస్తుంటే ఇక మీరు వల పనివాళ్లకు కబురు పెట్టవచ్చు. అప్పటికి పిల్ల దాదాపు తల్లంత అవుతుంది కనుక పోల్చుకోవడంలో పొరపాటు జరగవచ్చు. పెద్ద పావురం కన్ను నారింజ రంగులో ఉంటుంది, ముక్కు మొదట్లో తెల్లని కండ స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లకు కన్ను ఇంకా మసకగా, గోధుమ రంగులో ఉంటుంది, ఆ కండ తెల్లబడి ఉండదు, గొంతు కూడా గుటగుటమనదు, సన్నగా కీచుమంటుంది.

ఇక్కడొక మెలిక ఉంది. పావురాలు మొదటి పిల్లలు పూర్తిగా వెళ్లిపోక ముందే రెండో విడత గుడ్లు పెట్టగలవు. ‘పిల్లలు ఎగిరిపోనీ, ఆ తర్వాత చూద్దాం’ అని కూర్చున్నవాళ్లకు ఏడాది పొడుగునా ఏదో ఒక పిల్ల గూటిలో ఉంటూనే ఉంటుంది. మీ రెండేళ్ల కథ కూడా బహుశా ఇదే. అందుచేత పిల్లలకు మూడు వారాలు దాటినప్పటి నుంచి రోజూ గూడును గమనించండి. పక్కనే కొత్తగా నాలుగు పుల్లలు పడి ఉన్నట్టు కనిపిస్తే, గుడ్డు లేనంతవరకు, వాటిని ఏ రోజుకారోజు తీసేయండి. గుడ్డు లేని పుల్లలను తీసివేయడంలో హింస లేదు, ఆ జంట ఇంకో చోటు వెతుక్కుంటుంది, అంతే. పిల్లలు ఎగిరాక కూడా కొన్ని రాత్రులు పాత చోటికే వచ్చి పడుకోవచ్చు. అందుకని వల బిగించే పనిని పట్టపగలు, పక్షులన్నీ మేతకు వెళ్లిన వేళ పెట్టుకుని, యూనిట్ వెనుక టార్చి వేసి చూసి, లోపల ఏదీ లేదని నిర్ధారించుకున్న తర్వాతనే సందు మూయాలి. ఆ రాత్రి లోపలి నుంచి రెక్కల చప్పుడు వినిపిస్తే, అది ఎంత అపరాత్రయినా, తెరిచి బయటికి వదలాలి.

ఈ మూడు నాలుగు వారాలూ మీ అత్తగారి ఆరోగ్యాన్ని పణంగా పెట్టమని నేను చెప్పడం లేదు. ఎండిన రెట్టల ధూళి, ఈకల పొడి ఆస్తమాను రేపుతాయి. అదొక్కటే కాదు, పావురాలతో ఎక్కువ కాలం దగ్గరగా ఉన్న కొందరిలో ఊపిరితిత్తులు ఆ ధూళికి అతిగా స్పందించి వాచిపోయే జబ్బు కూడా వస్తుంది. అది మామూలు దగ్గులా మొదలై, గుర్తించకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా బిగుసుకుపోయేటట్టు చేయవచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు ‘ఇంట్లో పావురాల గూడుంది, ఇంత కాలంగా ఉంది’ అని మీరుగా చెప్పండి. ఆ ఒక్క మాట లేకపోతే వైద్యుడు ఆస్తమా మందు మోతాదు పెంచి ఊరుకునే ప్రమాదం ఉంది. అంతవరకు ఆవిడ పడకను ఆ బాల్కనీ వైపు లేని గదిలోకి మార్చండి, ఆ తలుపు మూసి ఉంచండి. బట్టలు అక్కడ ఆరవేయవద్దు. వైద్యుడు ‘ఇక ఒక్క రోజు కూడా పనికిరాదు’ అంటే మాత్రం గూడును మీరే కదల్చకుండా, వన్యప్రాణులను సంరక్షించే సంస్థవారిని పిలిచి వారి చేత తీయించండి; అంత చిన్న పిల్లలను చేతితో పెంచడం వారికే తెలిసిన పని.

ఇక మూయడం. పావురాలకు 50 మిల్లీమీటర్ల కన్ను ఉన్న వల చాలు. గోరింకల వంటి పక్షులు కూడా చొరబడుతుంటే 28, పిచ్చుకలకైతే 19 మిల్లీమీటర్ల కన్ను కావాలి. పిచ్చుకలు మిమ్మల్ని బాధపెట్టకపోతే ఆ చిన్న కన్ను జోలికి పోవద్దు, వాటికి ఇప్పటికే చోట్లు కరువయ్యాయి. వల ఎండకు పెళుసెక్కని రకమై ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది బిగువు. చుట్టూ తీగ లాగి, ఆ తీగకు వలను దగ్గర దగ్గరగా కట్టి, వేలితో నొక్కితే వెంటనే వెనక్కి తన్నేటట్టు ఉండాలి. మేకులకు నాలుగు మూలలా తగిలించి వదిలేసిన వదులు వల రెండు నెలల్లో కింద జారి సంచిలా వేలాడుతుంది. పక్షి కాలో రెక్కో దానిలో చిక్కుకుని, పీక్కునే కొద్దీ బిగుసుకుపోయి, తలకిందులుగా చచ్చిపోతుంది. హింస వద్దనుకుని వేసిన వలే ఉరితాడు కావడం నేను చాలా బాల్కనీలలో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బాల్కనీ అంతటికీ వల వేయడం ఇష్టం లేకపోతే యూనిట్ వెనుక సందును మాత్రమే మూసుకోవచ్చు. దానికి చెక్కలు, అట్టలు, థర్మోకోల్ వాడవద్దు: ఏసీ బయటి యూనిట్ వెనుక నుంచీ పక్కల నుంచీ గాలి పీల్చుకుంటుంది, దానికి ఊపిరాడకపోతే యంత్రం వేడెక్కి పాడవుతుంది. గట్టి జాలీని కొలతకు కత్తిరించి, గాలి ఆడేటట్టు, మెకానిక్ వచ్చినప్పుడు విప్పడానికి వీలుగా మరలతో బిగించండి. జాలీ అంచులు ఎక్కడా పొడుచుకు రాకుండా లోపలికి మడవాలి. నాలుగో అంతస్తు గోడ బయట చేయవలసిన పని ఏదైనా ఉంటే అది పనివాళ్లకే వదిలేయండి, మీ ఇంటి మగవాళ్లను పిట్టగోడ ఎక్కనివ్వకండి.

గూడు మూసినా రెయిలింగు మీద వాలి రెట్టలు వేయడం కొన్నాళ్లు సాగుతుంది. రెయిలింగుకు కొంచెం పైన సన్నని స్టీలు తీగను స్ప్రింగుతో లాగి కడితే, వాలబోయిన పక్షికి కాలు నిలవదు. వెడల్పాటి సజ్జ మీద 45 డిగ్రీలకు తగ్గని వాలుతో పలకను బిగిస్తే అక్కడ కూర్చోవడానికీ, పుల్లలు పేర్చడానికీ వీలుండదు. ముళ్ల పట్టీల గురించి చాలామంది అడుగుతారు. మొన తేలని రకమైతే పావురానికి గాయం కాదు, ఇరుకు అంచులపై పనిచేస్తాయి కూడా. అయితే వాటి మధ్య చెత్త పేరుకుంటే ఆ ముళ్లే గూటికి పునాది అవుతాయి. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరాలలో కాకి జాతి పక్షులు ఈ ముళ్ల పట్టీలను భవనాల మీది నుంచి పెరికి తెచ్చి వాటితోనే గూళ్లు కట్టుకున్న వైనాన్ని 2023లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆంట్‌వెర్ప్ గూటిలో సుమారు 1,500 ముళ్లు ఉన్నాయి. పక్షులను తరమడానికి మనిషి కొన్న సామాను చివరికి వాటి ఇంటి కంచె అయింది.

సందు మూసే ముందు పాత గూడును శుభ్రం చేయాలి, అది కూడా పద్ధతిగా. ఎండిన రెట్టలను చీపురుతో ఊడ్చడం అన్నిటికన్నా పెద్ద తప్పు, ఆ ధూళిలో ఊపిరితిత్తులకు సోకే శిలీంధ్రాల బీజాలు ఉండవచ్చు. ఆరోజు అత్తగారిని ఇంకో ఇంట్లో ఉంచి, ఇంటి కిటికీలన్నీ మూసి, ఏసీ కట్టేసి, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, ముందు రెట్టల మీద సబ్బు నీళ్లు చల్లి బాగా నాననివ్వండి. మెత్తబడ్డాక తడిగానే గీకి, గూడుతో సహా రెండు సంచులలో కట్టి పారవేసి, ఆ తర్వాత క్రిమిసంహారక ద్రవంతో కడగండి. గూడును రోజుల తరబడి ఖాళీగా వదలవద్దు; పక్షులు పోయాక వాటి రక్తం తాగి బతికే మైట్లు అనే సూక్ష్మమైన పురుగులు మేత కోసం కిటికీ సందులలో నుంచి గదిలోకి పాకి మనుషులను కుడతాయి.

మీరు వాడి వదిలేసిన వాటి గురించి కూడా ఒక మాట చెప్పాలి, మళ్లీ వాటిపై డబ్బు పెట్టకుండా ఉండటానికి. గుడ్లగూబ బొమ్మను పావురం దూరం నుంచి గమనిస్తుంది. అది మెడ తిప్పదని, చోటు మారదని తేలాక దాని నెత్తినే వాలుతుంది. సీడీలు గాలికి కదులుతాయి కనుక ఇంకొన్నాళ్లు ఎక్కువ పనిచేస్తాయి. పక్షుల జ్ఞాపకాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం: వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మార్జ్‌లఫ్ బృందం ఒక ముసుగు తొడుక్కుని కాకులను పట్టి వదిలితే, ఆ ముసుగు ఎవరు తొడుక్కున్నా సరే కాకులు ఏళ్ల తరబడి వారిని గుర్తుపట్టి గోల చేశాయి. మనుషుల ముఖాలను పోల్చుకోవడం పావురాలకూ చేతనవును. అంత పరిశీలన ఉన్న జీవులు ప్లాస్టిక్ బొమ్మకు ఎన్నాళ్లు మోసపోతాయి? శబ్ద పరికరం మాట కూడా అంతే. మనిషి చెవికి అందని ధ్వనితో పక్షులను తరుముతుందని దానిని అమ్ముతారు. మన చెవి సుమారు 20 కిలోహెర్ట్జుల వరకు వినగలిగితే, చాలా పక్షుల వినికిడి 10 కిలోహెర్ట్జుల దగ్గరకే సన్నగిల్లిపోతుంది, మనకు వినపడనిది వాటికి అసలే వినపడదు. కారం చల్లినందువల్ల మీకు తుమ్ములు తప్ప లాభం ఉండదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే ఘాటు పదార్థం మన నోట్లో మంటను పసిగట్టే ఏ గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, పక్షులలోని ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు. మిరప పళ్లను పక్షులు హాయిగా మింగి గింజలను వ్యాపింపజేసేది అందువల్లనే. మీ బాల్కనీలో ఆ ఘాటు ఎవరికైనా తగిలి ఉంటే అది మీ అత్తగారికే. నాఫ్తలీన్ ఉండలు పెట్టమని సలహా ఇచ్చేవారు కూడా ఉంటారు, ఆస్తమా ఉన్న ఇంట్లో ఆ పని అసలు చేయవద్దు. జిగురు మాట ఇక ఎత్తనే వద్దు: పావురం పెనుగులాడి ఊడివచ్చినా దాని ఈకలు అట్టకట్టి ఎగరలేకపోతుంది, చిన్న పిట్టలైతే అక్కడికక్కడే అంటుకుని చచ్చిపోతాయి. ఆపైన దుమ్ము కమ్మి, కొద్ది వారాలకే ఆ జిగురు గోడ మీద నల్లని మరకగా మిగులుతుంది.

పై అంతస్తువారి గింజల విషయం మీ చేతిలో పూర్తిగా లేదు, కానీ అది చిన్న విషయం కాదు. స్విట్జర్లండ్‌లోని బాసెల్ నగరంలో 1961 నుంచి 1985 వరకు సుమారు లక్ష పావురాలను చంపారు. ఆ పాతికేళ్ల తర్వాత కూడా నగరంలో వాటి సంఖ్య దాదాపు 20,000 దగ్గరే నిలిచి ఉంది, చచ్చిన వాటి చోటును కొత్తగా పుట్టినవి ఎప్పటికప్పుడు నింపేశాయి. 1988లో అక్కడి విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త డానియల్ హాగ్-వాకర్నాగెల్ వేరే దారి పట్టారు. గింజలు చల్లడం వల్ల పావురాలు కిక్కిరిసి, ఆ ఇరుకులో పిల్లలు జబ్బులతో చచ్చిపోతున్నాయని బొమ్మలతో, కరపత్రాలతో ప్రజలకు నచ్చజెప్పారు. పర్యవేక్షణలో గూళ్లు ఏర్పాటు చేసి అక్కడ గుడ్లు తీయించారు. నాలుగేళ్లు దాటేసరికి సంఖ్య సగానికి పడిపోయింది. పై అంతస్తువారితో మాట్లాడేటప్పుడు మీ బాల్కనీ పాడవుతోందన్న ఫిర్యాదుతో మొదలుపెట్టవద్దు. వారు పక్షులపై ప్రేమతో చేస్తున్న పని కాబట్టి పక్షుల వైపు నుంచే చెప్పండి, అత్తగారి దగ్గు సంగతి ఆ తర్వాత చెప్పండి. ఒక్కసారిగా మానేయమనడం కన్నా రోజురోజుకూ తగ్గించమనడం వారికీ తేలిక, పక్షులకూ తేలిక. మేత తగ్గితే పావురాలు వేరే చోట్లు వెతుక్కుంటాయి. మీ ఒక్కరి మాట చెల్లకపోతే అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో అందరికీ వర్తించే నియమంగా పెట్టించండి. ఎలాగూ మీ వంతుగా బాల్కనీలో మూత లేని చెత్తబుట్ట, ఏసీ నీళ్లు నిలిచే పళ్లెం లేకుండా చూసుకోండి.

కిటికీని పొడిచే పిట్టకు మీ ఇంటిమీద ఏ కోపమూ లేదు. అది గూడు కట్టే కాలంలో ఉంది; తన హద్దులోకి ఇంకో పిట్ట చొరబడిందని అద్దంలోని తన నీడతోనే పోట్లాడుతోంది. పోట్లాట ఎంతకూ తెమలదు, ఎందుకంటే ఎదుటివాడు వెనక్కి తగ్గడు. పాపం, దానికి ముక్కు నొప్పి, మీకు నిద్ర చేటు. లోపల ముదురు రంగు తెర వేస్తే ప్రతిబింబం ఇంకా స్పష్టమవుతుంది కనుక ఆ పని చేయవద్దు. అద్దానికి బయటి వైపు నుంచి, అది పొడిచే మేరకు, పాత దుప్పటి కప్పండి లేదా కాగితం అంటించండి. అదీ వీలు కాకపోతే సబ్బు నురగ రాసి ఎండనివ్వండి. పక్కనున్న కిటికీలో మళ్లీ మొదలుపెడితే దానికీ అంతే. చాలా పిట్టలు గూడు కట్టే కాలం గడవగానే ఈ పని మానేస్తాయి, అప్పుడు కాగితం తీసేసి అద్దం తుడుచుకోవచ్చు.